రూముల కమిటీలో భిన్న మతం

టెక్కలి,
జూన్ 14

గురువులు బాబాయికీ అప్పాయమ్మ పిన్నికీ,

మీరిద్దరూ కులాసాగా ఉన్నారని మా చెల్లి పుష్పరాణి చెప్పింది. బాబాయి చెవి మరీ మొరాయిస్తోందనీ, ఫోనులో మాట్లాడితే ఆయనకి తప్ప లైనంతటికీ వినబడుతోందనీ కూడా చెప్పింది. అందుకే కలం పట్టాను. బళ్ళో తెలుగు చెప్పుకునేదాన్ని, ఉత్తరం రాయడం నాకు కష్టమేమీ కాదు.

తిన్నగా విషయానికి వస్తాను. మా మరిది, పుష్ప భర్త ప్రదీప్‌కుమార్ ఈస్టరుకి ముందు పోయాడు. కలకత్తా కార్పొరేషన్ ఇచ్చిన రూము ఇంకా అతని పేరు మీదే ఉంది. దాన్ని పుష్ప పేరుకి మార్చకపోతే అదీ, దాని కూతురు అమూల్యా రోడ్డున పడతారు. పుష్ప చేసేది రోజుకూలీకి చీపురు పని. ఆ కూలితో ఖిదిర్‌పూర్‌లో బయట గది దొరుకుతుందా, మీకు తెలియనిదేముంది.

రూము ఎవరికివ్వాలన్నది ఇప్పుడు కార్పొరేషన్ చూడదట. మీ క్వార్టర్ల సభకే వదిలేసిందట. అందులో కోవెల వరస ఇళ్ళవాళ్ళు ఆరుగురు, చర్చి వరస ఇళ్ళవాళ్ళు ఆరుగురు, ఎవరు కాదన్నా పని ఆగిపోతుందట. అది సభా బాబాయ్, తాడు లాగే పందెమా? ప్రదీప్‌కి అన్నగారైన మనోహర్ గారు చర్చి వరస తరఫున రూముల కమిటీలో ఉన్నారు, సొంత మరదలికి అన్యాయం చెయ్యరనే అనుకుంటున్నాను. అయినా నాకెందుకో గుబులుగానే ఉంది.

మా నాన్న ఇమ్మానుయేలు, మీరు ఒకే చెత్తబండి మీద పనిచేసిన మనుషులు. నాన్న పోయినప్పుడు పెట్టె మోసిన నలుగురిలో మీరొకరు. ఆ చనువుతో అడుగుతున్నాను. ఒక కన్నేసి ఉంచండి.

మీ
రాజకుమారి

---

ఏక్‌బాల్‌పూర్, కలకత్తా,
జూలై 2

అమ్మా రాజకుమారీ,

నీ ఉత్తరం మీ పిన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది. ‘ఇమ్మానుయేలన్న సేతిరాతే వచ్చింది పిల్లకి’ అని మురిసిపోయింది. చెవి మాట నిజమే. నాకు వినబడనివి చాలావరకు వినక్కర్లేనివేలే.

తాడు లాగే పందెం అన్నావు. అంత తీసిపారేయకమ్మా. క్వార్టర్ల హాల్లో దసరా పందిరి ముందా, క్రిస్మస్ నాటకం ముందా అని ఇక్కడ తలలు పగిలిన ఏడు నువ్వు టెక్కలిలో మీ అమ్మ ఒళ్ళో ఉన్నావు. ఆ తర్వాతే మీ నాన్నా, నేనూ, ఇంకొందరం కూర్చుని ఈ ఏర్పాటు చేసుకున్నాం. నీళ్ళకొక కమిటీ, హాలుకొకటి, రూములకొకటి. కమిటీలో ఒక్కరు అడ్డం చెప్పినా ఆ పని పెద్ద సభకి వెళ్తుంది. అక్కడ రెండు వరసలూ ఒప్పుకుంటేనే జరుగుతుంది. లోపల అన్న మాట పెద్ద సభ దాకా బయట పెట్టినవాడి కుర్చీ పోతుంది. ఈ చివరిది మీ నాన్న పట్టుబట్టి పెట్టించిన కట్టుబాటు. లోపలి మాట బయటికి పొక్కినప్పుడల్లా కర్రలు లేచేవి మరి.

పంపు వేళలు తేల్చడానికి నీళ్ళ కమిటీకి రెండు ఎండాకాలాలు పట్టిన మాట నిజమే. తేలాక మాత్రం బిందెతో ఎవరి నెత్తీ పగల్లేదు. మాటలన్నీ తెలుగులోనే సాగుతాయి. తేలినదాన్ని వార్డు ఆఫీసు గుమాస్తా దాదా బెంగాలీలో రాసుకుని, బయట నిలబడ్డవాళ్ళకి చదివి వెళ్ళిపోతాడు.

రూముల సంగతిలో ఒక ఆనవాయితీ ఉంది. మీ రూములు మీవి, మా రూములు మావి. చర్చి వరసలో రూము తేలాల్సి వస్తే పేరు చర్చి వరసవాళ్ళే చెబుతారు. మేం సరే అని చాయ్ తాగి లేచి వచ్చేస్తాం. మా రూములప్పుడు వాళ్ళూ అంతే. కాబట్టి పుష్ప సంగతి మనోహర్ నోట్లో ఉంది. నేనూ ఆ కమిటీలో ఉన్నాను, లోపల కూర్చుంటాను. అంతకన్నా కాగితం మీద పెట్టను.

అమూల్యకి జ్వరం తగ్గింది. పిన్ని చారన్నం తినిపించింది.

బాబాయి

---

టెక్కలి,
ఆగస్టు 9

గురువులు బాబాయికి,

ఈ ఉత్తరం రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అయినా అడక్కపోతే అన్నం సహించేలా లేదు.

నిన్న పుష్ప ఫోను చేసింది. ఏడుపులో సగం మాటలు అర్థం కాలేదు. ‘అక్కా, హాలు బయటే నించున్నాను. గుమాస్తా వచ్చి బెంగాలీలో ఏదో సదివాడు. నా సెవులారా ఇన్నాను, గురువులుబాబూ భిన్న మతం అన్నాడు. అందుకే ఆగిపోయిందట’ అంది. పక్కనే ఉన్న మనోహర్ గారు, ‘సూసేవా? బాబాయి బాబాయి అంటూ ఇన్నాళ్ళూ ఆ ఇంటి సుట్టూ తిరిగేవు. సివరికి ఏటన్నాడో ఇన్నావు గదా’ అన్నారట.

నేను నమ్మలేదు. దానికి బెంగాలీ ఏం తెలుసు, ఇక్కణ్ణుంచి కాపురానికి వెళ్ళిన పిల్ల అనుకున్నాను. కానీ అవి బెంగాలీ మాటలేమిటి, మనకి తెలిసిన మాటలే కదా. మీ వరస, మా వరస అని మీరు ముందే రాశారు కూడా. ‘అంతకన్నా కాగితం మీద పెట్టను’ అన్నారు. అప్పుడు నాకు తట్టలేదు, ఇప్పుడు ఆ వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను.

నన్ను తిప్పించుకోకుండా ఒక్క మాట చెప్పండి. పని ఆపింది మీరేనా? ఆ మాట మీదేనా?

రాజకుమారి

---

ఏక్‌బాల్‌పూర్,
ఆగస్టు 23

రాజకుమారికి,

అవును. ఆ భిన్న మతం నాదే. గుమాస్తా అబద్ధం చదవలేదు, మీ చెల్లి తప్పు వినలేదు. అందరి ముందూ బల్ల గుద్ది చెప్పాను. పెద్ద సభలోనూ అదే చెబుతాను. సాయంత్రం మనోహర్ మిఠాయి పొట్లంతో మా ఇంటికొచ్చి, ‘మతం మార్చుకో గురువులన్నా, నీకెందుకీ గొడవ’ అని బతిమాలాడు. పొట్లం తిరిగి అతని చేతిలోనే పెట్టాను. ఈ వయసులో నా మతం మారదు.

నువ్వు నన్ను నిలదీసిన తీరు నాకు నచ్చలేదమ్మా. పోలీసు అడిగినట్టు అడిగావు. నీ చిన్నప్పుడు టెక్కలి వచ్చి నిన్ను భుజాన వేసుకుని సంత తిప్పినవాణ్ణి.

సరే, అది పోనీ. ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను. పుష్పని ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకు. ఎవరు తెచ్చినా సరే, సొంతవాళ్ళు తెచ్చినా సరే. ఎందుకని అడక్కు. పెద్ద సభ దాకా నేను నోరు విప్పకూడదు. విప్పి కుర్చీ పోగొట్టుకున్నానా, సభలో నా మాట చెల్లదు. పుష్పకే చెబుదామంటే మనోహర్ ఇల్లు దాని గోడ పక్కనే. పైగా నన్ను చూస్తే అది వీధి దాటి అవతలికి పోతోంది.

బాబాయి

---

టెక్కలి,
సెప్టెంబరు 10

అయ్యా,

బాబాయి అన్న పిలుపు ఇక్కడితో సరి.

మీ ఉత్తరం మా స్టాఫ్‌రూములో చదివాను. చదివి బయటికొచ్చి పంపు దగ్గర మొహం కడుక్కున్నాను. పిల్లలు చూస్తే బాగుండదని. అంత ధీమాగా ఎలా రాయగలిగారండీ? మా మతం మీకు అడ్డమా? నాన్న పెట్టె మోసినప్పుడు అడ్డం రాలేదే! మనోహర్ గారు మిమ్మల్ని మతం మార్చుకోమని మిఠాయి పట్టుకొచ్చారా? ఎవరితో వేళాకోళం? మీరు బాప్తిస్మం తీసుకుంటే తప్ప మా చెల్లికి రూము రాదని ఎవరన్నారు?

సంతకం పెట్టొద్దన్నారు, ఎందుకో అడగొద్దన్నారు. ఇక్కడే మీ లోపలి సంగతంతా నాకు తెలిసిపోయింది. మనోహర్ గారు ఒక ఉపాయం చెప్పారు. రూము పేరు ఆయన కొడుకు ప్రవీణ్‌కుమార్‌ది అవుతుంది, పర్మనెంటు ఉద్యోగం కనుక మీ వరస నోరెత్తదు. పుష్ప మాత్రం ఆ రూములోనే ఉంటుంది. అందుకు పుష్ప ఒప్పుకున్నట్టు ఒక కాగితం కావాలన్నారు. పుష్ప జంకింది. నేనే ఫోను చేసి, ‘పెట్టవే, ఎంతైనా మనవాళ్ళు మనవాళ్ళే’ అన్నాను. మొన్న పెట్టేసింది.

ఇక మీ సభలో మీరేం చెప్పుకుంటారో చెప్పుకోండి.

ఇమ్మానుయేలు గారి పెద్దకూతురు
రాజకుమారి

---

ఏక్‌బాల్‌పూర్,
సెప్టెంబరు 24

రాజకుమారీ,

నీ ఉత్తరం సరిగ్గా పెద్ద సభ రోజు పొద్దున అందింది. ‘బాప్తిస్మం’ దాకా చదివి, ఈ పిల్లకి మతి గాని పోయిందా అనుకున్నాను. ముందు తెలుసుకున్నది మీ పిన్ని. బియ్యం ఏరుతున్నదల్లా చేట కింద పెట్టి, ‘ఏటండీ ఇది! ఆ పిల్ల మతం అంటే దేవుడి మతం అనుకుంది’ అంది. ఒక్క నవ్వు నవ్వి, వెంటనే తల పట్టుకుని కూలబడింది.

తల్లీ, బెంగాలీలో మత్ అంటే అభిప్రాయం. మన మతానికి వాళ్ళు ధర్మం అంటారు. భిన్నో మత్ అంటే వేరే అభిప్రాయం, అంతే! కమిటీలో ఒకడు అడ్డం చెబితే గుమాస్తా రాసుకునే మాట అది. మాకు ఇక్కడ నీళ్ళు తాగినంత అలవాటై, తెలుగులోనూ అలాగే అంటాం. మతం ఇచ్చాను, మతం మార్చుకున్నాను అని. అది నీకు తెలియదన్న ఊహే నాకు రాలేదు. నలభై ఏళ్ళ కలకత్తా నీళ్ళు నా చేత అలా రాయించాయి.

ఇంక దాచేదేముంది, విను. ఆ రోజు కమిటీలో మనోహర్ చెప్పిన పేరు పుష్పది కాదు. తన కొడుకుది. వాడికి పెళ్ళి కుదిరింది, రూము కావాలి. పుష్ప పేరే ఎత్తలేదు. ఆనవాయితీ ప్రకారం మావాళ్ళు చాయ్ గ్లాసులందుకున్నారు. నేను లేచి, ‘ఇమ్మానుయేలు కూతురు పేరేదిరా?’ అన్నాను. ‘అది మా వరస గొడవ, మీకెందుకు’ అన్నాడు. అయితే నాది భిన్న మతం, రాసుకో దాదా అన్నాను. చర్చి వరస రూములో కోవెల వరసవాడు అడ్డం చెప్పడం అదే మొదటిసారి.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఖిదిర్‌పూర్ బజారుకి పరుగెత్తాను. పుష్ప చేపల దుకాణాల ముందు ఊడుస్తోంది. అంతా చెప్పాను. చీపురు అక్కడే పెట్టి నా వెంట సభకి బయల్దేరింది. ‘అక్క పెట్టమంది బాబాయ్’ అంది, అంతే.

సభలో మనోహర్ ఆ కాగితం తీశాడు. హక్కున్న మనిషే ఒప్పుకుంటే నీ మతానికి విలువేముంది అన్నారు. పుష్ప లేచి, తెలియక పెట్టానని చెప్పింది. చర్చి వరస ఆరుగురూ తల దించుకున్నారు గాని ఒక్కరూ నోరు మెదపలేదు. నావాళ్ళు ఇంకా నయం, నోరు మెదిపారు! ‘ఇయాల ఆళ్ళ రూముల్లో నువ్వు సెయ్యి పెడితే, రేపు మన రూముల్లో ఆళ్ళు సెయ్యి పెడతారు’ అని కూర్మయ్య లేచాడు. రూము ప్రవీణ్‌కుమార్‌కి పోయింది. నా కుర్చీ కూర్మయ్యకి పోయింది. రెండు వరసలూ ఇంత చక్కగా కలిసి ఒక పని చేయడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు కోపంగా ఉంది రాజకుమారీ, దాచను. నీ చెల్లి రూము పోయిందని కోపం. మనోహర్ మాట మొదటిసారి వినగానే నమ్మావు, నా మాట ఇన్నేళ్ళు విన్నా నమ్మలేకపోయావు. ‘ఆ మాటకి అర్థమేమిటి బాబాయ్’ అని ఒక్క ముక్క అడిగితే పోయేదా!

గురువులు

---

టెక్కలి,
అక్టోబరు 12

బాబాయ్,

పిలవడానికి మొహం లేదు, అయినా పిలుస్తున్నాను.

సమ్మతి, సమ్మతం, అభిమతం. ఏటేటా ఏడో తరగతి పిల్లలకి నల్లబల్ల మీద రాసి అర్థాలు చెప్పేదాన్ని. వాటిలో మతమంటే అభిప్రాయమేనని నాకే తట్టలేదు. తట్టకపోవడం కాదు బాబాయ్, మీవాళ్ళు ఎప్పటికైనా అలాగే అంటారని నా లోపల ఎక్కడో ఉన్నట్టుంది. అందుకే వినగానే సరిపోయింది. ఇది మీకు రాయడం సిగ్గుగానే ఉంది.

దసరా పూజలు అయ్యేదాకా ఆగి, దీపావళి లోపు రూము ఖాళీ చేయమన్నాడట మనోహర్. ‘ఇక్కడే ఉండొచ్చన్నారు గదా’ అని పుష్ప అడిగితే, కొత్త కోడలు ఒప్పుకోదన్నాడట. టెక్కలి వచ్చెయ్యవే అన్నాను. ‘నీ మాట ఒకసారి ఇన్నాను, సాల్దా’ అని ఫోను పెట్టేసింది. అప్పట్నుంచీ నా ఫోను తీయడం లేదు. అక్కడే ఉంటే కూలైనా ఉంటుంది, ఇక్కడికొస్తే నా మీద పడి తినాలి, అది చచ్చినా ఒప్పుకోదు. నాకు తెలుసు దాని సంగతి.

దీపావళి వచ్చేస్తోంది. అదెక్కడుంది బాబాయ్? పిల్ల ఎక్కడ పడుకుంటోంది? నా మీద కోపం ఎంతైనా ఉంచుకోండి, ఈ ఒక్కటీ రాయండి.

రాజకుమారి

---

ఏక్‌బాల్‌పూర్,
నవంబరు 16

అమ్మా రాజకుమారీ,

పుష్ప మా ఇంట్లో ఉంది. నీ ఉత్తరం వచ్చిన రోజే చెబుదామనుకున్నాను గాని, ఉంటుందో ఊడుతుందో తేలకుండా రాయడం ఎందుకని ఆగాను.

దీపావళికి ముందు మనోహర్ దాని సామాను వరండాలో పెట్టించాడు. మీ పిన్ని వెళ్ళి మంచం ఒక కొస పట్టుకుని, ‘పట్టవే రెండోది’ అంది. ఇద్దరూ చర్చి వరస నుంచి కోవెల వరసకి మంచం మోసుకొచ్చారు. అందరూ గుమ్మాల్లో నిలబడి చూశారు. అమూల్య వెనకాల బిందె పట్టుకుని నడిచింది.

నాలుగు రోజులు గడవకుండానే కూర్మయ్య మా గుమ్మంలోకి వచ్చాడు. మన వరస రూములో అవతలి వరస మనిషి ఉండకూడదన్నాడు. ఈసారి అచ్చ తెలుగులో, మతం వేరు కదా అన్నాడు. అర్థంలో నాకు ఏ అనుమానమూ రాలేదు. పిన్ని చేతిలో గరిటె ఉంది. ‘నీ పెళ్ళానికి పురుడొచ్చినప్పుడు ఈ పిల్ల అత్తగారే గదా మంత్రసాని! అప్పుడేటయ్యింది నీ మతం?’ అంది. కూర్మయ్య మెట్లు దిగి, తిన్నగా రూముల కమిటీకి ఫిర్యాదు పెట్టాడు. ఇప్పుడు ఆ కమిటీలో ఉన్నది అతనే కదా.

కమిటీ మొన్న కూర్చుంది. నేను కుర్చీ లేనివాణ్ణి గనుక బయట బెంచీ మీద కూర్చున్నాను. పుష్ప పక్కన నిలబడింది. సామాను ఈసారి ఎక్కడికి మోయాలా అని నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. గుమాస్తా దాదా వచ్చి చదివాడు. పుష్పని ఖాళీ చేయించాలన్న మాట ఆగిపోయిందట, ఒకరు భిన్నో మత్ ఇచ్చారట. ఎవరని అడిగితే మనోహర్‌బాబు అన్నాడు. నాకు చెవి సరిగ్గా వినబడలేదనుకుని మళ్ళీ చెప్పించుకున్నాను.

మంచివాడైపోయాడని సంబరపడకు. పుష్ప మా ఇంట్లోంచి కదిలితే ఎక్కడికెళ్తుంది? పిల్లనేసుకుని తిన్నగా ఆ రూము గుమ్మంలో కూర్చుంటుంది. కొత్త కోడలు దిగే ఇల్లది. మా ఇంట్లో ఉంటేనే వాడికి నిద్ర పడుతుంది. పెద్ద సభకి వెళ్ళినా చర్చి వరస ఆరుగురూ వాడి వెంటే ఉంటారు, రెండు వరసలూ కలవవు, కలవకపోతే పుష్పని ఎవరూ కదపలేరు. నేను నిజాయితీగా అడ్డం చెబితే రూము పోయింది. వాడు కుళ్ళుతో అడ్డం చెబితే నీడ దొరికింది. వెళ్తూ వెళ్తూ గుమాస్తా, ‘ఆప్‌నాదేర్ కమిటీ ఖూబ్ భాలో కాజ్ కొర్‌ఛే’ అన్నాడు. మీ కమిటీ చాలా బాగా పనిచేస్తోందని. పిన్నికి చెబితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

రూము మాత్రం ఇంకా దానిది కాలేదు. ఏ రూము తేలాల్సి వచ్చినా దాని పేరు అడుగుతూనే ఉంటాం.

నీ చివరి ఉత్తరం పుష్పకి చదివి వినిపించాను, ‘మీవాళ్ళు అలాగే అంటారని నా లోపల ఉన్నట్టుంది’ అన్న ముక్క కూడా. నాకు ఆ ముక్క గుచ్చుకుంది, కానీ రాసినందుకు నిన్ను మెచ్చుకున్నాను. పుష్ప అది వింటూనే అమూల్యకి జడ వేసింది. క్రిస్మస్ సెలవులకి అక్కని రమ్మందామా అని అడిగాను. ఈ ఇంట్లో కూడా అందరూ ఒప్పుకోవాలని మీ పిన్ని రూలు పెట్టింది. నేను సరే అన్నాను, పిన్ని సరే అంది, అమూల్య రెండు చేతులూ ఎత్తింది. పుష్ప ఇంకా ఏమీ చెప్పలేదు.

బాబాయి